ఐస్ కొట్టు ఖాతా

మొన్న తెలిసినవాళ్ళింట్లో వ్రతం భోజనాలకి వెళ్తే, ఈ మధ్యనే చదువుకోవడానికి అమెరికా వచ్చిన ఒకమ్మాయి ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చుంది. "ఆంటీ, రిటైర్ అవ్వకముందు మీరు ఏ టెక్నాలజీ మీద వర్క్ చేసేవారు?" అని అడిగింది. "కాపలా" అన్నాను. ఆ పేరుతో కొత్త సాఫ్ట్‌వేర్ ఏదైనా వచ్చిందేమోనని ఆ పిల్ల ఫోన్ తీసి వెతకబోయింది. నేను నవ్వాపుకుని, ఇప్పుడు మీకు రాస్తున్నదంతా ఆమెకి చెప్పాను. సాంబారన్నం చల్లారిపోయింది కానీ పాపం చివరిదాకా కదలకుండా వింది. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మిగతా పిల్లలు కూడా వింటే తప్పేమీ లేదనిపించి కూర్చుని రాస్తున్నాను.

మా ఆయన ఉద్యోగం అర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళందరిదీ గానుగెద్దు బతుకు, ఒకే పెద్ద కంపెనీ చుట్టూ తిరుగుతాం. నేనూ కొన్నేళ్ళు ఆ చుట్టే తిరిగాను. ప్రాజెక్ట్ అయిపోయిందంటే బల్ల ఖాళీ చెయ్యడం, ఇంకో ప్రాజెక్ట్ వచ్చిందంటే అదే బల్ల మీద మళ్ళీ సర్దుకోవడం. విసుగొచ్చి పక్క ఊళ్ళో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆ ఊరినిండా కోళ్ళ ఫ్యాక్టరీలు, వాటినిండా మెక్సికో నుంచి వచ్చిన పనివాళ్ళు. మా ఆఫీసేమో టైర్ల షాపు పైన. కింద ఎవరైనా టైరు బిగిస్తే పైన మా కాఫీ కప్పులు వణికేవి.

మెక్సికోలో వెరాక్రూజ్ అని ఒక రాష్ట్రం ఉంది. సముద్రం వెంట పొడుగ్గా ఉంటుంది, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన కోస్తా ఉన్నట్టు. ఆ రాష్ట్రంలో ప్రతి చిన్న ఊరికీ ఇంటర్నెట్‌లో ఒక చాట్ రూమ్ నడపడమే మా కంపెనీ పని. అప్పటికే అందరి దగ్గరా పెద్ద పెద్ద యాప్‌లున్నాయి కదా, ఇదెందుకని మీరడుగుతారు. నేనూ ఇంటర్వ్యూలో అదే అడిగాను. మాది ఉత్త అక్షరాల రూమ్. ఫోటోలు లేవు, వీడియోలు లేవు, పాత ఫోన్‌లో కూడా పనిచేస్తుంది, సిగ్నల్ చావుబతుకుల్లో ఉన్నప్పుడు కూడా మాట అందుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అందులో ఉన్నవాళ్ళంతా ఒకే ఊరివాళ్ళు. కోళ్ళ ఫ్యాక్టరీలో బ్రేక్ దొరికినవాడు గ్లవ్స్ తీసి ఫోన్ తెరిస్తే చాలు, వాళ్ళ ఊరి రచ్చబండ అరచేతిలోకి వచ్చేది. ఏటికి నీళ్ళొచ్చాయా, బస్సు ఎక్కడ ఆగిపోయింది, ఎవరి కూతురికి పదిహేనో పుట్టినరోజు పండగ, ఎవరు పోయారు, ఇవే కబుర్లు. కొత్త మనిషి రూమ్‌లోకి వస్తే "నువ్వెవరు?" అని అడిగేవాళ్ళు కాదు, "నువ్వెవరి తాలూకు?" అని అడిగేవాళ్ళు. అది చదివిన రోజే నాకు ఆ ఉద్యోగం నచ్చేసింది.

నా పని ఆ రూమ్‌లలో కొన్నింటికి కాపలా కాయడం. బూతులు తిట్టేవాళ్ళనీ, మోసగాళ్ళనీ బయటికి పంపడం, కొట్టుకునేవాళ్ళని విడదీయడం. నా స్పానిష్ పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయాక తీరిక దొరికి నేర్చుకున్నది. చదవడం బాగానే వచ్చు. నోరు తెరిస్తే మాత్రం స్పానిష్‌లో కూడా బందరు వినిపిస్తుందని మా మేనేజర్ ఏడిపించేవాడు.

ఆ మేనేజర్ మన తెలుగువాడే, కరీంనగర్ వైపు. నాకంటే చాలా చిన్న, వీసా మీదున్న మనిషి, గ్రీన్ కార్డు వరసలో ఎప్పటినుంచో నిలబడి ఉన్నాడు. నన్ను అక్కా అనేవాడు. అది విని మా ఆఫీసులో ఇంకొకామె అదే నా పేరనుకుంది. ఆవిడది వెరాక్రూజే. ఏరు సముద్రంలో కలిసేచోట ఉన్న ఒక చేపలవాళ్ళ ఊరు. నాలుగేళ్ళు కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసి, తర్వాత మా దగ్గర నాలాగే కాపలా పనిలో చేరింది. సగం ఇంగ్లీషు, సగం స్పానిష్, మధ్యలో "అక్కా". మా మాటలు బయటివాళ్ళు వింటే ఏ దేశంవాళ్ళమో తేల్చుకోలేకపోయేవారు. నలభై ఏళ్ళ మనిషి, పనిలో చురుకు, కోపంలో ఇంకా చురుకు. నాకూ కోపం ఎక్కువే కాబట్టి బాగా కుదిరింది.

మా దగ్గర రెండు నియమాలుండేవి. రెండూ మా మేనేజర్ పెట్టినవే. మొదటిది, ఎవరికీ సొంత ఊరి రూమ్ కాపలాకి ఇవ్వకూడదు. "మన దగ్గర సొంతూరు పోలీస్ స్టేషన్ల ఎస్సైకి పోస్టింగ్ ఇస్తరా అక్కా? ఇది గూడ గంతే" అనేవాడు. ఊరన్నాక కక్షలుంటాయి, గట్టు తగాదాలుంటాయి, కాపలా మనిషి ఒక పక్షం వహిస్తే రూమ్ రచ్చవుతుంది. నిజమే. అందుకే ఆవిడ ఊరి రూమ్ నాకు వచ్చింది, ఆవిడకి వేరే ఊళ్ళవి వెళ్ళాయి.

రెండో నియమం, ఒక ఖాతాకి ఒకే మనిషి. ఒకే ఖాతాలోంచి ఇద్దరు ముగ్గురు మనుషులు రాస్తున్నట్టు అనిపిస్తే సాఫ్ట్‌వేర్ దాని మీద కన్నేసి ఉంచుతుంది. దానికి తోడు ఆ ఖాతా మీద మోసగాడని ఫిర్యాదులుంటే, ఎవరినీ అడగకుండా తాళం వేసేస్తుంది. గుర్తింపు కార్డు ఫోటో పంపితేనే తాళం తీస్తాం.

ఈ రెండోదాని మీద నేను మొదట్లోనే పేచీ పెట్టాను. "ఏం బాబూ, కొత్తగా వచ్చి కంపెనీ గెస్ట్ హౌస్‌లో ఉన్నప్పుడు ఒక కాలింగ్ కార్డు మీద మీరెంతమంది ఇండియాకి మాట్లాడేవాళ్ళు? ఒకడు సినిమా యాప్ కొంటే ఎంతమంది చూసేవాళ్ళు? ఒక్క ఖాతాకి ఒక్క మనిషి అని నీకెవరు చెప్పారు?" అన్నాను.

"అది కార్డ్ అక్కా. ఇది ఐడెంటిటీ" అన్నాడు.

పెద్దమాట వచ్చాక ఇంకేం మాట్లాడతాం. అయినా అతన్ని తప్పుపట్టడానికి లేదు. మేనల్లుడినని, సరిహద్దు దగ్గర చిక్కుకున్నానని రాసి, ఒక ముసలాయన్ని ఎవరో నిలువునా ముంచేశారు. ఆయన ఆఫీసుకి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడిస్తే, కిందికి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నది మా మేనేజరే. ఆ నియమం ఆ మెట్ల మీద పుట్టింది.

ఆవిడ ఊరి రూమ్‌లో అందరికంటే ఎక్కువ రాసేది ఐస్ కొట్టాయన. పడవలకి ఐసు అమ్ముతాడు. ఊళ్ళో మేడ ఉన్నది అతనికే, జనరేటర్ ఉన్నది అతనికే, కాస్త మంచి ఫోన్ ఉన్నదీ అతనికే. దాంతో అతని ఖాతా ఊరుమ్మడి ఖాతా అయిపోయింది. పొద్దున ఒక ముసలావిడ అందులోంచి అర్కాన్సాలో ఉన్న కొడుక్కి చీవాట్లు పెట్టేది. మధ్యాహ్నం ఒక పిల్ల, నాన్నా నాకు లెక్కల్లో మంచి మార్కులొచ్చాయని రాసేది. మధ్యమధ్యలో ఐస్ కొట్టాయన తన జోకులు తాను వేసుకునేవాడు. జోకులు అంత గొప్పగా ఏమీ ఉండేవి కావు. ఆ ఖాతా మీద సాఫ్ట్‌వేర్ కన్ను ఎప్పుడూ ఉండేది. ఫిర్యాదులు లేవు కాబట్టి ఊరుకునేది.

మా ఆఫీసావిడకి మాత్రం అతని పేరెత్తితే ఒళ్ళు మండేది. ఎందుకో ఒకరోజు లంచ్‌లో చెప్పింది. ఆవిడ తండ్రి పోయినప్పుడు ఆవిడకి కాగితాలు సరిగ్గా లేక వెళ్ళడానికి కుదరలేదు. తమ్ముడు మాత్రం మెక్సికోలోనే ఉత్తరాన ఎక్కడో పనిలో ఉన్నాడు, బస్సెక్కి బయల్దేరాడు. వాడు వచ్చేదాకా శవాన్ని ఉంచాలి. ఆ వేడిలో ఐసు పరిచి ఉంచుతారట, మనం ఐసు పెట్టె తెప్పించినట్టే. తల్లి ఐస్ కొట్టుకి వెళ్ళి అడిగితే అతను ఐసు లేదన్నాడు. తమ్ముడు వచ్చేసరికి మట్టి ఇచ్చేశారు. ఆ రోజు నుంచి తల్లి ఆ కొట్టు మెట్లెక్కలేదు, అతనితో మాట్లాడలేదు, ఎదురుపడితే పక్క సందులోంచి పోయేది.

"చేపలకి ఐసు ఉంటుంది. మా నాన్నకి ఉండదు" అందావిడ.

అలాంటి కోపానికి అడ్డం వెళ్ళకూడదు.

మీకు తుఫాను సంగతి చెప్పాలి. ఆ ఏడు సముద్రం మీద నుంచి పెద్ద తుఫాను వెరాక్రూజ్ మీదికి వచ్చింది. బందరులో పుట్టినదాన్ని, రేవులో ప్రమాద సూచిక నంబరు పెరుగుతుంటే మా ఇంట్లో కిరసనాయిలు, అటుకులు మేడ మీదికి చేరడం చూస్తూ పెరిగాను. ముందురోజంతా రూమ్‌లు కిటకిటలాడాయి. ఆవిడ తల్లి ఊరి చివర పెంకుటింట్లో ఒక్కతే ఉంటుంది. షుగర్ మనిషి, రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాలి. ఫోన్ చేస్తే మోగింది, మోగింది, తర్వాత మోగడం కూడా మానేసింది.

తెల్లారి నేను ఆఫీసుకి వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. ముందురోజు కట్టుకున్న బట్టలే. "కరెంటు ఉండదు అక్కా. ఫ్రిజ్ ఉండదు. మందు పాడైపోతుంది. కొండమీద ఊళ్ళో మా బంధువుకి ట్రక్ ఉంది, మందు కొని తీసుకెళ్తానన్నాడు. ఏటి ఒడ్డు దాకా వెళ్ళగలడు. అక్కడినుంచి పడవ మాట్లాడుకోవాలి. కానీ అమ్మ ఎక్కడుందో తెలియకుండా ఎక్కడికని వెళ్తాడు? ఊరంతా నీళ్ళు" అంది.

నేను వాళ్ళ ఊరి రూమ్ తెరిచాను. ఇటువైపువాళ్ళంతా ఉన్నారు, అర్కాన్సా నుంచి, టెక్సస్ నుంచి, ఎక్కడెక్కడినుంచో. మా అమ్మ ఎక్కడుంది, మా పిల్లలెక్కడున్నారు, అవే ప్రశ్నలు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి. జవాబు చెప్పేవాడు ఒక్కడూ లేడు. ఊరి వైపు నుంచి ఒక్క అక్షరం లేదు. పక్కకి చూస్తే ఐస్ కొట్టు ఖాతా మీద ఎర్ర తాళం గుర్తు.

తాళం ఎందుకు పడిందా అని చూస్తే తెలిసింది, తుఫాను రాత్రి ఊళ్ళో సగంమంది అతని మేడ ఎక్కారు. ఎక్కినవాళ్ళల్లా అతని ఫోన్‌లోంచి తమవాళ్ళకి కబురు పెట్టబోయారు. నేను ఫలానా వాళ్ళ అమ్మని, నేను ఫలానా వాళ్ళ పెదనాన్నని, నేను బతికే ఉన్నాను. ఒకే ఖాతాలోంచి ఇంతమంది మనుషులు. సాఫ్ట్‌వేర్‌కి మోసగాడంటే అచ్చం ఇలాగే ఉంటాడు. అయినా ఫిర్యాదులు లేకపోతే తాళం పడకూడదు. ఫిర్యాదులు ఎక్కడినుంచి వచ్చాయా అని నేను తల గోక్కుంటుంటే నా వెనక ఆవిడ గొంతు వినిపించింది.

"నేనే పెట్టాను అక్కా."

కిందటి వారం వాళ్ళ నాన్న సంవత్సరీకం. ఆ రోజు కూడా ఐస్ కొట్టాయన రూమ్‌లో ఏదో జోకు వేశాడట. తన ఖాతాలోంచి ఒకటి, తమ్ముడి చేత ఒకటి, చెల్లెలి చేత ఒకటి, మోసగాడని ఫిర్యాదు పెట్టించింది. "కాస్త ఇబ్బంది పడతాడనుకున్నాను. అంతే" అంది. నా కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడింది.

నేను మేనేజర్‌ని కేకేశాను. తాళం వేసిన ఖాతాతో మేం మాత్రం విడిగా మాట్లాడ్డానికి ఒక కిటికీ ఉంటుంది. అందులో, మీరు ఫలానా అని రుజువు చూపించండి అని రాశాను. కాసేపటికి జవాబు వచ్చింది. "కార్డు కింద సొరుగులో ఉంది. కింద నీళ్ళున్నాయి."

మేనేజర్ బల్ల అంచు మీద కూర్చున్నాడు. "అతనే అయితది అక్కా. కానీ నీటిల ఫోన్ ఇంకెవనికన్న దొరికి ఉంటే? కిందటేడు పక్కూరు వరదప్పుడు దొంగలు జొరబడలేదా? వంద మంది ఈ రూమ్‌ల తమ తల్లుల కోసం అడుగుతున్నరు. ఒక్కడు జూఠా మాట రాస్తే ఎంతమంది మునుగుతరు?"

"అయితే అతనో కాదో ఎవరు తేల్చాలి? నేనా? నేనెప్పుడూ ఆ ఊరి మొహం చూడలేదు" అన్నాను, కాస్త గట్టిగానే.

అతను ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఆ ఊరి మనిషి, ఫిర్యాదు పెట్టిన మనిషి, అతనితో పగ ఉన్న మనిషి. ఏ నియమం ప్రకారం చూసినా ఆ కుర్చీలో కూర్చోకూడనిది ఎవరయ్యా అంటే ఆవిడే. కంపెనీ యజమాని ప్రతి వారం మా రికార్డు చూస్తాడు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దేశం విడిచి వెళ్ళాల్సింది నేను కాదు, మా మేనేజర్.

"ఊరు మునిగినంక ఎస్సై ఏ ఊరోడని ఎవడడుగుతడు అక్కా. నువ్వు లే. ఆమెను కూర్చోనీ" అన్నాడు.

రికార్డులో కూడా, నేనే కూర్చోబెట్టాను అని తన పేరుతోనే రాసుకున్నాడు. ఆ కుర్రాడి మీద అప్పటిదాకా నాకున్న చిన్నాచితకా కోపాలన్నీ ఆ క్షణంలో పోయాయి.

ఆవిడ కూర్చుంది. కార్డు అడగలేదు, పుట్టినతేదీ అడగలేదు. తానెవరో కూడా చెప్పలేదు. "ఊరి చివర పెంకుటింటాయన పోయినప్పుడు, ఆయన భార్య మీ దగ్గరికి వచ్చింది. మీరేమన్నారు?" అని రాసింది.

కింద ఎవరో టైరు బిగిస్తున్నారు, బల్ల అదురుతోంది.

"ఐసు లేదన్నాను" అని వచ్చింది. వెంటనే ఇంకోటి. "నిజంగానే లేదు. మిషన్ కాలిపోయింది. మిగిలిన ఐసు అంతకుముందే పడవల్లో వెళ్ళిపోయింది. పక్కూరికి మనిషిని పంపాను, వాడు తెచ్చేసరికి ఆలస్యమైంది. ఇంటి ముందు దాకా తెచ్చి వెనక్కి తీసుకుపోయాను. ఎవరూ నమ్మరు." ఆ తర్వాత మూడోది. "నువ్వు వాళ్ళ పెద్దమ్మాయివి కదా."

ఆవిడ తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే, "ఆయనే" అంది.

మేనేజర్ తాళం తీశాడు.

ఆవిడ మొదటి ప్రశ్న మీకు తెలిసిందే. జవాబు ఇలా వచ్చింది. "మీ అమ్మ నా మేడ మీదే ఉంది. నా ఐసు పెట్టె మీద కూర్చుంది. నాతో మాట్లాడదు. నా భార్యకి చెప్తుంది, నా భార్య నాకు చెప్తుంది. మందు ఐసు పెట్టెలో పెట్టాం. రేపటిదాకా వస్తుందట. ఆ తర్వాతిది చూసుకోవాలి."

నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. తల్లిని తలుచుకుంటే నాకూ నవ్వొచ్చింది. ఊరు మునిగినా సరే, పగ మాత్రం తడవకుండా మేడ మీదికి తెచ్చుకుంది.

ఆ తర్వాత ఆవిడ చేతులు ఆగలేదు. ట్రక్ ఉన్న బంధువుకి కబురు పెట్టింది. ఏటి ఒడ్డున పడవ ఉన్న మనిషిని రూమ్‌లోనే పట్టుకుంది. ఇవతల ఐస్ కొట్టు ఖాతాలోంచి ఊరు మాట్లాడడం మొదలుపెట్టింది. మేడ మీద వరసలో నిలబడి ఒక్కొక్కరే చెప్తుంటే అతను టైప్ చేస్తున్నాడు. ఫలానా వాళ్ళ పిల్లలు బడి మీద ఉన్నారు. ఫలానా ముసలాయన కాలు విరిగింది, బాగానే ఉన్నాడు. ఫలానా వాళ్ళ ఆవులు పోయాయి, మనుషులు ఉన్నారు. ఇటువైపు ఫ్యాక్టరీల్లో, వంటిళ్ళల్లో ఆ మాటలు చదువుకుని ఎంతమంది గోడకి చేరగిలబడి ఉంటారో నేను ఊహించుకోగలను. రూమ్‌లో నాకు కాపలా పనేమీ లేదు. ఆ రోజు ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు.

మధ్యాహ్నానికి మందు కొన్నామని బంధువు రాశాడు. అప్పుడు ఆవిడ విడి కిటికీ మళ్ళీ తెరిచింది. ఇలా రాసింది. "మీ మీద ఫిర్యాదు పెట్టింది నేను. మీ ఖాతాకి తాళం పడింది నా వల్ల."

"తెలుసు. ఇంకెవరు పెడతారు" అని వచ్చింది. "జనరేటర్‌లో డీజిల్ అయిపోతోంది. ఉన్నది ఐసుకి ఉంచాలి, మీ అమ్మ మందు ఉంది కదా. ఫోన్ ఆపేసి రేపు పొద్దున తీస్తాను. మీ అమ్మకి ఇంకేమైనా చెప్పాలా?"

ఆవిడ తలెత్తి నా వైపు చూసింది. తనే మళ్ళీ వంగి, "మీ ఇంట్లో అందరూ క్షేమమేనా?" అని రాసింది. ఆ ప్రశ్న రూమ్‌లో అప్పటిదాకా ఎవరూ అతన్ని అడగలేదు. అందరూ తమవాళ్ళ గురించే అడిగారు. తప్పు కాదు, అలాంటప్పుడు ఎవరికైనా అదే తోస్తుంది.

"మా పెద్దాడి పడవ ఇంకా రాలేదు" అని వచ్చింది. ఖాతా పక్కన పచ్చచుక్క ఆరిపోయింది.

పొద్దుటినుంచి ఊరందరి క్షేమం తన వేళ్ళతో రాసిన మనిషి, తన కొడుకు గురించి ఒక్క ముక్క రాసుకోలేదు. నా ఎదురుగా ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది. మా మేనేజర్ కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

నేను, "లే. నీ కుర్చీలోకి వెళ్ళు. నీ రూమ్‌లు ఎన్ని ఉన్నాయి?" అన్నాను. తుఫాను గాలి ఉత్తరం నుంచి కొడితే పడవలు దక్షిణానికి కొట్టుకుపోతాయని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మా బందరువాళ్ళ పడవల కోసం కూడా పెద్దలు ముందు దక్షిణం వైపే కబురు పెట్టేవారు. ఆవిడ చేతిలో ఉన్నవన్నీ దక్షిణపు ఊళ్ళే. రూమ్ తర్వాత రూమ్, తీరం వెంట నడిచినట్టు, ఒక్కొక్కటే తెరిచి అడగడం మొదలుపెట్టాం. ఊరివాళ్ళు రూమ్‌లో చెప్పిన గుర్తులు ఇవి, ఆకుపచ్చ పడవ, ముక్కు దగ్గర పసుపు పట్టీ, ఐస్ కొట్టాయన పెద్దకొడుకూ ఇంకో ఇద్దరూ ఎక్కిన పడవ. ఆ రూమ్‌లలో కూడా ఎవరి బాధలు వాళ్ళకున్నాయి. అయినా ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు ఆగి, ఎవరి తాలూకు అని అడిగారు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. సాయంత్రానికి ఎక్కడా ఆచూకీ లేదు. మేనేజర్ బలవంతంగా ఆవిడని కార్‌లో ఇంటి దగ్గర దింపి వచ్చాడు.

పొద్దున్నే ముగ్గురం మళ్ళీ అక్కడే ఉన్నాం. మందు పడవ ఎక్కిందని బంధువు రాశాడు. అది చదివినా ఆవిడ లేవలేదు, తల మాత్రం ఊపింది. దక్షిణాన చిట్టచివరి రూమ్‌లో, మడ అడవుల పక్కనున్న ఒక ఊరినుంచి ఒకావిడ రాసింది. ముందురోజు మీరు అడిగింది ఇప్పుడే చూశానని, పసుపు పట్టీ పడవ ఒకటి మడల్లో చిక్కుకుని ఉంటే మా బావ వెళ్ళి లాగాడని, ముగ్గురు మగవాళ్ళు దాంట్లో ఉన్నారని. మా ఆఫీసావిడ తొందరపడలేదు. "పెద్దవాడు ఎవరి తాలూకు అట? ఒకసారి అడిగి చెప్పండి" అని రాసింది. ఆ జవాబు వచ్చేదాకా మా మేనేజర్ ఊపిరి తీసుకున్నాడో లేదో నాకు అనుమానమే.

"ఐసు అమ్మే ఆయన కొడుకట. బడిలో పడుకోబెట్టాం. లేచి అన్నం తింటున్నాడు."

ఇక ఐస్ కొట్టు ఖాతా పక్కన చుక్క ఎప్పుడు పచ్చగా మారుతుందా అని చూడడమే మిగిలింది. ఆవిడ కాఫీ తాగలేదు, బాత్‌రూమ్‌కి వెళ్ళలేదు. రాయాల్సిన వాక్యం ముందే టైప్ చేసి పెట్టుకుని, వేలు మీట మీద ఉంచుకుని కూర్చుంది. చుక్క వెలగగానే పంపింది. "మీ అబ్బాయి దొరికాడు. ముగ్గురూ క్షేమం. అన్నం తింటున్నాడు."

మేం చూస్తూనే ఉన్నాం. అటువైపు ఎవరో రాస్తున్నట్టు గుర్తు వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఊరందరి మాటలూ గబగబా కొట్టేసిన మనిషికి రెండు ముక్కలు కుదరడం లేదు. గుర్తు ఇంకోసారి వచ్చి, ఈసారి చాలాసేపు ఉండిపోయింది. ఫోన్ అలవాటు లేనివాళ్ళు ఒక్కో అక్షరం వెతుక్కుని రాసినట్టు ఆలస్యంగా, కామాలూ చుక్కలూ లేకుండా ఒక మాట వచ్చింది.

"నేను అమ్మని మందు అందింది ఇతను ఏడుస్తున్నాడు పక్కనే ఉన్నాను తర్వాత రాస్తాడు"